ఇంజను తిరిగిన చోటు గుర్తుందా?

వర్ని వాళ్ళం రైలెక్కాలంటే బోధన్ అయినా పోవాలి, నిజామాబాద్ అయినా పోవాలి. మా ఊరికి పట్టాలు లేవు. బోధన్ నుంచి బాన్సువాడ మీదుగా బీదరుకు లైను వేయాలని ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నాం. సర్వే అన్న మాట వినపడినప్పుడల్లా ఆశపడడం, నాలుగు నెలలకు మరిచిపోవడం మనకు అలవాటే. ఆ సంగతి మరోసారి మాట్లాడుకుందాం. రావలసిన లైను గురించి అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఉన్న లైను మీద మన కళ్ళ ముందే మాయమైపోయిన వాటి గురించి అడిగేవాళ్ళు ఒక్కరూ లేరు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆమధ్య మనవణ్ణి వెంటబెట్టుకుని బోధన్ వెళ్ళాను. వాడికి రైలు పట్టాలు చూపించమని గోల. స్టేషను దగ్గర నిలబెట్టి చూపించాను. పట్టాలు ఇక్కడితో అయిపోతాయి, ముందుకు లేవు అని చెప్పాను. వాడు కాసేపు చూసి, "మరి ఇంజను వెనక్కెట్ల పోతది తాతా? మన ట్రాక్టరు లెక్క తిరగదు కదా?" అన్నాడు.

ఇప్పటి ఇంజనుకు ఆ బాధ లేదు. కరెంటు ఇంజనుకు రెండు చివర్లా డ్రైవరు కూర్చునే గది ఉంటుంది. రైలుకు ఈ కొసన విప్పి, పక్క పట్టా మీదుగా తెచ్చి ఆ కొసన తగిలిస్తే చాలు, ముందు వెనకలు లేకుండా పోతుంది. కానీ వాడి ప్రశ్న బొగ్గు ఇంజనుకు సరిగ్గా సరిపోయే ప్రశ్న. బొగ్గు ఇంజనుకు మొహం ఒకటి, వీపు ఒకటి. ముందు పొగగొట్టం, వెనక డ్రైవరు, ఆ వెనక బొగ్గూ నీళ్ళూ మోసే టెండరు. వెనక్కి నడవదని కాదు, నడుస్తుంది. కానీ డ్రైవరు తల వెనక్కి తిప్పి టెండరు పక్కనుంచి తొంగి చూసుకుంటూ నడపాలి. దారి సరిగా ఆనదు, బొగ్గు నుసి కళ్ళల్లో పడుతుంది, వేగం తగ్గించుకోవాలి. అందుకని దూరం పోయే ఇంజనును మొహం తిప్పి పంపాల్సిందే.

ఎడ్లబండి అయితే కాడి పట్టుకుని చుట్టు తిప్పుతాం. పట్టాల మీద ఉన్న ఇంజనును ఎలా తిప్పుతారు? దీనికి రెండు ఉపాయాలు ఉండేవి. స్థలం ఉన్నచోట పట్టాలను మూడు మూలలుగా వేసేవారు. ఇంజను ఒక మూలకు పోయి, వెనక్కి ఇంకో మూలకు వచ్చి, మళ్ళీ ముందుకు పోతే మొహం మారిపోతుంది. స్థలం లేనిచోట టర్న్‌టేబుల్ కట్టేవారు. నేలలో గుండ్రటి గొయ్యి, దానికి రాతితోనో ఇటుకతోనో గోడ, అడుగున గుండ్రంగా ఒక పట్టా, నడిమధ్యన బలమైన ఇరుసు, ఆ ఇరుసు మీద ఇనుప వంతెన. వంతెన మీద రెండు పట్టాలు. ఇంజను వచ్చి ఆ వంతెన మీద నిలబడితే వంతెనతో సహా తిప్పేస్తారు. మన వైపు చెరకు గానుగ చూసినవాళ్ళకు ఇంతకన్నా చెప్పనక్కర్లేదు. అక్కడ ఎద్దు చుట్టూ తిరుగుతుంది. ఇక్కడ మనుషులు తిరుగుతారు.

మా ఊరి దగ్గరి క్యాంపులో ఒక పెద్దాయన ఉన్నాడు. రైల్వేలో ఖలాసీగా చేరి, ఫైర్‌మన్ అయి, చిన్న లైను మీద రెండు మూడు షెడ్లలో పనిచేసి రిటైరైనవాడు. ఎనభై దాటాయి. చెవి కొంచెం మందం గానీ జ్ఞాపకం మాత్రం పదును. మనవడి ప్రశ్న ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మంచం మీద నుంచి లేచి, చీపురుపుల్ల తీసుకుని వాకిట్లో గీసి చూపించాడు.

ఆయన చెప్పినదాంట్లో నాకు వింత అనిపించింది తూకం సంగతి. యాభైల నుంచీ చిన్న లైను మీద తిరిగిన వైపీ, వైజీ ఇంజన్లు టెండరుతో కలిపి అరవై అడుగుల పైచిలుకు పొడవు. బరువు వంద టన్నులకు అటూ ఇటూ. అంత బరువును నలుగురు మనుషులు దూలం పట్టుకుని తోసేవారట! ఎలాగంటే, డ్రైవరు ఇంజనును వంతెన మీద సరిగ్గా తూకం కుదిరేచోట ఆపాలి. బరువంతా నడిమి ఇరుసు మీద నిలిస్తే చివరలు తేలికవుతాయి. తోస్తే కదులుతుంది. ఒక అడుగు ముందుకో వెనక్కో అయితే ఒక చివర కింది పట్టాను గట్టిగా నొక్కుతుంది, పదిమంది తోసినా కదలదు. టెండరులో నీళ్ళు నిండుగా ఉన్నాయా, సగం ఉన్నాయా అన్నదాన్ని బట్టి కూడా ఆ చోటు మారిపోతుంది. తక్కెడ పట్టిన కోమటి చెయ్యి లాంటి చెయ్యి ఉన్న డ్రైవరు మొదటిసారే కుదిర్చి ఆపేవాడట. లేనివాడు ముందుకీ వెనక్కీ జరుపుతూ ఉంటే ఖలాసీలు లోపల తిట్టుకునేవారట. వానాకాలం గోతిలో నీళ్ళు నిలిస్తే, మోకాటిలోతు మురికిలో దిగి తూము పొడవడం కూడా వాళ్ళ పనే. జీతం కాగితంలో ఈ పనికి వేరే పేరేమీ ఉండేది కాదు.

గుండ్రపు షెడ్లు

టర్న్‌టేబుల్ ఉన్నచోట తెలివైనవాళ్ళు ఇంకో పని చేశారు. దాని చుట్టూ బండి చక్రం ఆకుల్లా పట్టాలు వేసి, ఒక్కో పట్టా మీద ఒక్కో ఇంజను నిలిపి, పైన గుండ్రంగా కప్పు వేశారు. దాన్నే రౌండ్ హౌస్ అన్నారు. మన భాషలో గుండ్రపు షెడ్డు అనుకోండి. వంతెనను ఏ పట్టాకు ఎదురుగా తిప్పితే ఆ ఇంజను బయటకు వస్తుంది. పది ఇంజన్లకు పది దారులు అక్కర్లేదు, ఒక్క వంతెన చాలు. కొద్ది చోటులో ఎక్కువ ఇంజన్లు పడతాయి.

బొగ్గు ఇంజను స్విచ్చి నొక్కితే లేచేది కాదు. చల్లారిన ఇంజనుకు నిప్పు రాజేసి, నీళ్ళు మరిగి, ఆవిరి తయారయ్యేసరికి గంటల మీద గంటలు పట్టేది. తెల్లవారుజామున బండి ఉంటే నడిరాత్రికి ముందే పొయ్యి వెలిగించాలి. దిగివచ్చిన ఇంజను బూడిద దులపాలి, కొన్నాళ్ళకోసారి బాయిలరు కడగాలి, ఇరుసులకు నూనె పోయాలి. ఫిట్టర్లు, ఖలాసీలు, బొగ్గు ఎత్తే కూలీలు, బూడిద తీసే ఆడవాళ్ళు, చాయ్ హోటళ్ళు. ఒక షెడ్డు అంటే ఒక ఊరు. దాని కూతతో లేచి దాని కూతతో పడుకునేవాళ్ళు.

గుండ్రపు షెడ్డుకు ఒక పెద్ద లోపం కూడా ఉంది. ఆ ఒక్క వంతెన ఇరుసు పట్టేసిందంటే, లోపలున్న ఇంజన్లన్నీ దొడ్లో బందీ అయిన పశువులే. ఒక్కటీ బయటకు రాదు. మన దేశంలో ఎక్కువ చోట్ల నిడుపాటి షెడ్లు కట్టి, టర్న్‌టేబుల్‌ను పక్కన విడిగా పెట్టుకున్నారు. అందువల్ల గుండ్రపు షెడ్లు మన దగ్గర మొదటినుంచీ తక్కువే. తక్కువ ఉన్నవాటిని ఎక్కువ జాగ్రత్తగా చూసుకోవాలి కదా? జరిగింది దానికి వ్యతిరేకం.

మన తెలుగునేల మీద చెప్పుకోదగ్గది నెల్లూరు జిల్లా బిట్రగుంట. విజయవాడ - మద్రాసు దారిలో బొగ్గు ఇంజన్లు మార్చుకునే పెద్ద మజిలీ అది. అక్కడ గుండ్రపు షెడ్డు కట్టారు, దాని చుట్టూ రైల్వే కాలనీ పెరిగింది. 1980 నాటికి ఆ దారి అంతా కరెంటు లైను అయింది. కరెంటు ఇంజనుకు బిట్రగుంటలో ఆగి నీళ్ళు తాగే పని లేదు, మొహం తిప్పుకునే పని లేదు. షెడ్డు మూతపడింది. కుటుంబాలు విజయవాడకూ గూడూరుకూ చెదిరిపోయాయి. విస్తారమైన రైల్వే స్థలం, శిథిలమైన షెడ్డు మిగిలాయి. అక్కడి జనం ఏదైనా కొత్త రైల్వే కర్మాగారం ఇవ్వమని అప్పటినుంచీ అడుగుతూనే ఉన్నారు.

మనకు దగ్గర ఉదాహరణ కావాలంటే నాందేడు దాటి పూర్ణా చూడండి. మన లైను మీదిదే. చిన్న లైను రోజుల్లో ఇటు సికింద్రాబాద్, అటు మన్మాడ్, పైన అకోలా, ఖాండ్వా పోయే బండ్లన్నీ అక్కడ కలుసుకునేవి. పెద్ద లోకోషెడ్డు ఉండేది. మన జిల్లా మనుషులు కూడా అక్కడ పనిచేశారు. లైను మారేసరికి ఆ పనీ పోయింది, ఆ ఊరి కళా పోయింది.

మన లైను కథ

మన లైనుకు కూడా చరిత్ర తక్కువేమీ కాదు. సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా మన్మాడ్ దాకా ఆరు వందల కిలోమీటర్లు దాటిన మీటర్ గేజి లైను 1899-1901 మధ్య పూర్తయింది. హైదరాబాద్ - గోదావరి లోయ రైల్వే అని దాని పేరు. అప్పటికి మన జిల్లాను ఇందూరు అనే అనేవారు. 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి రైల్వేను తన చేతిలోకి తీసుకుంది. 1931 నాటికి మంజీర మీద నిజాంసాగర్ తయారైంది. నీళ్ళు వచ్చాయి, చెరకు వచ్చింది, 1930ల చివరికి బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. జానకంపేట దగ్గర చీలిన కొమ్మ లైను బోధన్ చేరింది.

కోస్తా జిల్లాల నుంచి వచ్చి మా వర్ని చుట్టూ క్యాంపులు కట్టుకున్న కుటుంబాలకు ఈ లైను ఇంకో రకంగా గుర్తు. బెజవాడలో పెద్ద లైను బండి ఎక్కి, సికింద్రాబాద్‌లో దిగి, మూటాముల్లె, పిల్లాజెల్లా, ఒక్కోసారి నాగలి కర్రతో సహా మోసుకుని చిన్న లైను బండి ఎక్కేవారు. పెద్ద పట్టాల మధ్య ఎడం 1,676 మిల్లీమీటర్లు, చిన్న పట్టాల మధ్య సరిగ్గా ఒక మీటరు. ఆ తేడా పుణ్యాన ఎంతమంది ఎన్ని మూటలు మోశారో. బొగ్గుకూ అదే కష్టం. సింగరేణి బొగ్గు పెద్ద వ్యాగన్లలో వచ్చినా చిన్న వ్యాగన్లలోకి ఎత్తిపోయాల్సిందే.

1972లో చిత్తరంజన్ కర్మాగారం బొగ్గు ఇంజన్ల తయారీ ముగించింది. ఆ తర్వాత ఉన్నవాటిని అరిగేదాకా నడిపారు. డీజిలు ఇంజన్లు వచ్చాక టర్న్‌టేబుల్‌తో పని తగ్గింది. చిన్న లైను డీజిలు ఇంజనుకు ఒకటే గది ఉన్నా ఎటైనా నడిచేది. 1992లో దేశమంతా ఒకే గేజి అన్న యూనిగేజ్ పథకం మొదలై, మన లైను వంతు 2000 తర్వాతి ఏళ్ళలో వచ్చింది. అప్పుడు పాత పట్టాలతో పాటు నీళ్ళ స్తంభాలు, బూడిద గోతులు, సిగ్నలు చేతులు అన్నీ తుక్కు లెక్కల్లో కలిశాయి.

పెద్ద లైను రావడం మంచిదే. దాన్ని తప్పుపట్టేవాడు మూర్ఖుడు. ఇవాళ నిజామాబాద్‌లో ఎక్కి గేజి మారకుండా దేశంలో ఎక్కడికైనా పోవచ్చు. 2017లో పెద్దపల్లి లైను కలిశాక కరీంనగర్ కూడా దగ్గరైంది. నా బాధ లైను మారినందుకు కాదు. మారేటప్పుడు ఒక్క ఫొటో తీసి, ఒక్క ప్లాను కాగితం దాచి, ఇక్కడ ఇది ఉండేది అని ఒక రాయి పాతాలన్న ఆలోచన ఎవరికీ రాకపోయినందుకు.

బయటి దేశాల్లో ఏం చేశారో చూడండి. లండన్‌లో కామ్డెన్ దగ్గర 1847లో కట్టిన గుండ్రపు షెడ్డు పదేళ్ళు తిరిగేసరికే పనికిరాకుండా పోయింది. ఇంజన్లు పొడవు పెరిగి అందులో పట్టలేదు. దాన్ని కూలగొట్టకుండా సారా గోదాముగా వాడుకున్నారు. 1960లలో అది నాటకశాల అయింది. ఇవాళ్టికీ అక్కడ పాటకచ్చేరీలు జరుగుతున్నాయి. జపాన్‌లో క్యోటో నగరంలో 1914లో కట్టిన షెడ్డులో ఇరవై పట్టాలున్నాయి. దాన్ని 1972లోనే మ్యూజియం చేసి, వంతెనను పనిచేసే స్థితిలో ఉంచుకున్నారు. అమెరికాలో బాల్టిమోర్ మ్యూజియం వాళ్ళ గుండ్రపు షెడ్డు 1884 నాటిది. 2003లో మంచు బరువుకు దాని కప్పు కూలి పాత ఇంజన్ల మీద పడింది. పోనీలే అనుకోలేదు. మరుసటి ఏడాదికల్లా తిరిగి కట్టి తలుపులు తెరిచారు.

వాళ్ళకు డబ్బుంది, చేస్తారు అంటారా? మన దేశంలోనే హర్యానాలోని రేవాడీలో 1893 నాటి బొగ్గు ఇంజన్ల షెడ్డును రైల్వేవాళ్ళే బాగుచేసి మ్యూజియం చేశారు. ఇంజన్లకు నిప్పు రాజేసి నడిపి చూపిస్తున్నారు. మనసు పెడితే మనవాళ్ళకూ చేతనవుతుందనడానికి అది చాలు.

తిండి ముందు కాదా?

ఈ మాట మా ఊరి రచ్చ దగ్గర అంటే ఒకాయన లేచాడు. బోధన్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడి రైతు, కూలీ రోడ్డున పడితే, నువ్వు పాత గోతుల గురించి ఏడుస్తున్నావా అన్నాడు. న్యాయమైన మాటే. నేనూ ఆ ఫ్యాక్టరీకి చెరకు తోలినవాణ్ణే. రాత్రంతా బండ్ల వరుసలో చలికి ముడుచుకుని, తూకం చీటీ చేతికి వచ్చేదాకా నిద్రపోకుండా కాచుకున్నవాణ్ణే.

కానీ ఆయనకు ఒకటి చెప్పాను. లోకోషెడ్డుకు జరిగిందే ఫ్యాక్టరీకీ జరగబోతోంది. ముందు పని ఆగుతుంది. తర్వాత మనుషులు చెదిరిపోతారు. ఆ తర్వాత తుక్కు లారీ వస్తుంది. మళ్ళీ తెరుస్తామన్న మాటలు వింటూనే ఉన్నాం, తెరిస్తే సంతోషమే. తెరిచినా పాత యంత్రాలు ఉండవు. ఏ యంత్రం ఏం చేసేదో చెప్పగల మనిషి కూడా అప్పటికి ఉండడు. ఇక్కడ పదివేల చేతులు ఒక పని చేశాయి అనడానికి ఆనవాలు లేకపోతే, మళ్ళీ పని ఇవ్వండి అని అడిగే నోటికి బలమెక్కడిది? బిట్రగుంటవాళ్ళు ఇన్నేళ్ళుగా గట్టిగా అడగగలుగుతున్నారంటే, మా షెడ్డు అదిగో అని వేలుపెట్టి చూపించగలగడం కూడా ఒక కారణం. మనం ఏది చూపిస్తాం?

ఆయన ఊ అనలేదు, ఉహూ అనలేదు. బీడీ వెలిగించుకున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. అమృత్ భారత్ పథకం కింద నిజామాబాద్, కామారెడ్డి స్టేషన్లను తిరిగి కట్టే పనులకు 2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది. కొత్త భవనాలు, కొత్త దారులు, వాహనాలు నిలిపే చోట్లు వస్తాయి. రావాలి కూడా. మన ఆడపిల్లలు వానలో తడుస్తూ నిలబడే రోజులు పోవాలి. కానీ ఇలాంటి పనుల్లో మొదట వచ్చేది మట్టి తవ్వే యంత్రం. పాత యార్డు మూలల్లో ఏ రాతిగోడ, ఏ ఇనుప స్తంభం, ఏ పాత పట్టా ముక్క మిగిలి ఉన్నా దానికి అడ్డమే. గుత్తేదారుకు అది మట్టి, లేకపోతే తుక్కు. ఆయన తప్పు కాదు. ఆయనకు ఎవరూ చెప్పలేదు.

దక్షిణ మధ్య రైల్వే అధికారులను మనం అడగవలసింది కోట్ల రూపాయల మ్యూజియం కాదు. తవ్వే ముందు, తవ్వేటప్పుడు పాత మీటర్ గేజి ఆనవాళ్ళు ఏవి బయటపడినా ఫొటో తీసి ప్లాను మీద గుర్తు పెట్టమనండి. కదల్చనక్కర్లేనిదాన్ని అక్కడే ఉంచమనండి. కదిల్చి తీరాల్సిందాన్ని వేలానికి పంపకుండా స్టేషను ముందు చెట్టు కింద పెట్టమనండి. కొత్త భవనం గోడ మీద పాత లైను పటం ఒకటి వేసి, మీటరు వెడల్పు పట్టా జత ఒక గజం పొడవున కింద పరిస్తే, పిల్లలు అడుగు పెట్టి కొలుచుకుంటారు. జానకంపేట, బోధన్ స్టేషన్లలోనూ ఇదే. ఖర్చు ఎంతవుతుంది? ఒక ప్రారంభోత్సవం పూలదండలకు అయ్యేంత కూడా కాదు.

ఇందులో మన పని కూడా ఉంది. బోధన్, నిజామాబాద్, కామారెడ్డి చుట్టుపక్కల పాత లోకో మనుషులు ఇంకా కొందరు బతికి ఉన్నారు. ఏటికేడాది తగ్గిపోతున్నారు. హైస్కూలు మాస్టర్లు పై తరగతి పిల్లల్ని రెండు ఆదివారాలు వాళ్ళ ఇళ్ళకు పంపిస్తే చాలు. ఫోను అందరి చేతుల్లోనూ ఉంది కదా, సినిమా పాటలకే ఎందుకు, వాళ్ళ మాటలు పట్టి పెట్టుకోవచ్చు. ఎవరింట్లోనైనా పాత ఇత్తడి బిళ్ళలు, దీపాలు, డ్యూటీ పుస్తకాలు, షెడ్డు ముందు దిగిన ఫొటోలు ఉంటే తుక్కువాడికి వేయకండి.

మా పెద్దాయనకు ఈ సంగతి చెప్పాను. నిజామాబాద్ పాత యార్డు తనకు కొట్టినపిండి అంటాడు. నీళ్ళ స్తంభం ఎక్కడుండేదో, బూడిద ఎక్కడ దులిపేవారో, ఫైర్‌మన్లు ఏ చింతచెట్టు కింద సద్ది విప్పేవారో కాలితో నడిచి చూపిస్తానంటాడు. మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు గానీ మనిషి సిద్ధంగానే ఉన్నాడు. ఆటో మాట్లాడుకుని మేం తీసుకొస్తాం. ప్లాను కాగితం చేత్తో పట్టుకుని ఆయన వెంట ఒక గంట నడిచే ఇంజనీరు ఒకరు కావాలి. వానలు మొదలుకాక ముందైతే మంచిది.